గవర్నర్‌పేటలో నేను రోజూ తినే టిఫిన్ హోటలు

విజయవాడ గవర్నర్‌పేటలో, ఏలూరు రోడ్డు నుంచి ఒక సందు లోపలికి వెళితే, పద్నాలుగు బల్లలున్న ఒక శాకాహార టిఫిన్ హోటలు వస్తుంది. 2023 జూన్‌లో బ్యాంకు ఉద్యోగంలో బదిలీ మీద ఈ ఊరికి వచ్చినప్పటి నుంచి, ఆదివారాలూ మా శ్రీకాకుళం జిల్లాకు వెళ్లిన రోజులూ తప్ప, నా పొద్దుటి టిఫిన్ అక్కడే. నెలలో సగం రోజులైనా మధ్యాహ్న భోజనం కూడా అక్కడే చేస్తాను. ఇంతకాలం నాకు అన్నం పెట్టిన చోటు గురించి నాలుగు మాటలు రాయాలని చాలాసార్లు అనుకున్నాను గానీ, కలం పట్టుకున్న ప్రతిసారీ ఒక సంగతి దగ్గర ఆగిపోయాను. ఆ హోటలులో గల్లా దగ్గర కూర్చునే ఒకామెను నేను ఇష్టపడ్డాను. ఆ మాట ఆమెకు చెప్పాను. ఆమె జవాబు కూడా ఇచ్చారు. ఇది దాచి పెసరట్టు గురించి మాత్రమే రాస్తే, ఆ హోటలు గురించి నాకు తెలిసిన దానిలో సగానికి పైగా దాచినట్టే అవుతుంది. అందువల్ల రెండూ కలిపే రాస్తున్నాను. హోటలు పేరు మాత్రం రాయను. పేరు రాస్తే ఆమె ఎవరో ఆ వీధి మొత్తానికి తెలిసిపోతుంది, అలా తెలియజేసే హక్కు నాకు లేదు.

ముందు తిండి సంగతి చెబుతాను. ఇక్కడికి వెళ్లవలసింది పెసరట్టు కోసం. పొట్టు తీయని పెసలను రాత్రి నానబెట్టి, గుప్పెడు బియ్యం కలిపి, తెల్లవారుజామున నాలుగున్నరకు మొదటి వాయి రుబ్బుతారు. పిండిని పులియనివ్వరు. అయిపోయేకొద్దీ కొత్త వాయి రుబ్బుతారు కాబట్టి ఏడింటికి తిన్నా పదింటికి తిన్నా ఆ పెసల కమ్మదనం ఒక్కలాగే ఉంటుంది. మాస్టరు పెనం మీద గరిటెడు పిండి పోసి, గరిటె అడుగుతో నడుమ నుంచి అంచు దాకా తిప్పుతూ పరిచే పద్ధతిని దగ్గర నిలబడి చూశాను. అంచు కాగితమంత పల్చగా వస్తుంది, నడుమ మాత్రం అరచేతి మేర కొంచెం మందంగా వదిలేస్తారు. ఉప్మా బరువుకు అట్టు చిరగకుండా ఆ మందం ఆపుతుందని ఆయనే ఒకసారి చెప్పారు. పైన తరిగిన అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉల్లిపాయ ముక్కలు చల్లి, అంచు వెంబడి నూనె వేసి, అట్టును తిరగేయకుండా ఒకవైపే ఎర్రగా కాల్చి, ఉప్మా పెట్టి మడిచి ఇస్తారు. అల్లం పచ్చడి నాలుక మీద పెట్టుకోగానే బెల్లం తీపి, ఆ వెనుక అల్లం ఘాటు, చివరికి చింతపండు పులుపు వరుసగా తెలుస్తాయి. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ మిగతా రెండింటిని మింగేయని అల్లం పచ్చడి ఈ ఊళ్లో నేను ఇంకెక్కడా తినలేదు.

ఇడ్లీ కూడా బాగుంటుంది, ముఖ్యంగా కారప్పొడి, నెయ్యి వేయించుకుంటే. పూరీ సంగతి చెప్పుకోవలసినంత లేదు. సాంబారులో తీపి ఎక్కువ. నేను రెండుసార్లు చెప్పాను, ఆ తీపి కోసమే వచ్చేవాళ్లున్నారని యజమాని జవాబిచ్చారు. భోజనంలో ముద్దపప్పు, గోంగూర పచ్చడి, వేడి నెయ్యి ఏనాడూ నిరాశపరచలేదు. మంగళవారం దొండకాయ వేపుడు దొరికితే వదులుకోవద్దు. కాఫీలో చికోరీ ఎక్కువైందని నా అభిప్రాయం. నేను టీ తాగుతాను.

ఇక గల్లా దగ్గరికి వస్తాను. ఈ హోటలులో ముందే డబ్బు కట్టి టోకెన్ తీసుకోవాలి, ఆ టోకెన్ పెనం దగ్గర ఇవ్వాలి. కాబట్టి లోపలికి అడుగుపెట్టిన ప్రతి మనిషీ మొదట మాట్లాడేది గల్లాలో ఉన్న మనిషితోనే. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం మూడు దాకా అక్కడ ఉండేది ఆమె. ఎనిమిది, తొమ్మిదిన్నర మధ్య వరుస వీధిలోకి వస్తుంది. ఆఫీసుకు ఆలస్యమవుతున్నవాళ్లు, బడి పిల్లలను వెంటబెట్టుకున్న తల్లులు, పార్సిల్ కోసం వచ్చిన కుర్రాళ్లు అందరూ ఒకేసారి మాట్లాడుతుంటారు. ఆ రద్దీలో ఆమె గొంతు పెరగడం నేను వినలేదు. ఉల్లిపాయ వద్దన్నవారి టోకెన్‌కు కుడివైపు పైమూల చిన్నగా మడిచి ఇస్తారు. మడత కనిపిస్తే మాస్టరు ఆ అట్టు మీద ఉల్లిపాయ వేయరు. ఈ ఏర్పాటు ఆమె చేసినదే. అంతకు ముందు ప్రతివాళ్లూ పెనం దగ్గరకు వెళ్లి అరవవలసి వచ్చేదట.

నేను ఉల్లిపాయ తినను. వెళ్లడం మొదలుపెట్టిన మూడో వారంలోనో నాలుగో వారంలోనో, నేను నోరు తెరవకముందే ఆమె టోకెన్ మూల మడిచి, చిరునవ్వుతో చేతికిచ్చారు. ఆ రోజు బ్యాంకుకు నడిచి వెళ్లిన దారంతా నాకు పండుగలా అనిపించింది. ఊరుగాని ఊళ్లో, గదిలో ఒక్కడినే ఉంటున్నవాడికి, ఒక మనిషి తన అలవాటు గుర్తుపెట్టుకోవడం చిన్న విషయం కాదు. ఆ మడత నా ఒక్కడి కోసమే అని కొన్ని నెలల పాటు నమ్మాను. తరువాత ఒక సెలవు రోజున తీరిగ్గా గల్లా ఎదురు బల్ల దగ్గర కూర్చుని టిఫిన్ చేస్తూ చూస్తే, అడగకుండానే మూల మడిచిన టోకెన్ అందుకునే నాలాంటివారు ఆ అరగంటలోనే పదిమందికి పైగా ఉన్నారు. ఒకాయనకు చక్కెర లేని టీ, ఒకామెకు మెత్తగా కాల్చిన అట్టు, ఒక పిల్లవాడికి కారం లేని చట్నీ, ఇవన్నీ ఆమెకు గుర్తు. అందరికీ అదే చిరునవ్వు. అది ఆమె పనితనం. నిజాయితీగా చేసే పనిలోని నేర్పును నా మీద ప్రత్యేకమైన అభిమానంగా చదువుకోవడం నేను చేసిన పొరపాటు, హోటళ్లలో పనిచేసే ఆడవాళ్లను ఇష్టపడే మగవాళ్లలో చాలామంది చేసే మొదటి పొరపాటు కూడా ఇదేనని ఇప్పుడు అనుకుంటున్నాను. మనకు నచ్చకపోతే ఆ చోటు వదిలి లేచి వెళ్లిపోవచ్చు, ఆమె వెళ్లలేరు. నవ్వకుండా ఉండే స్వేచ్ఛ కూడా ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ ఆమెకు అంతంతమాత్రమే.

అలా అర్థమయ్యాక నా ఇష్టం తగ్గిపోవలసింది, తగ్గలేదు. పది రూపాయల నాణేల విషయం ఒకటి చెబుతాను. మన జిల్లాల్లో చాలామంది ఆ నాణేలు చెల్లవని తీసుకోరు. 14 రకాల నమూనాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించినా ఆ అనుమానం పోలేదు. ఆమె గల్లాలో నాణేలు కుప్పపడి, నోట్ల చిల్లరకు రోజూ ఇబ్బంది పడేవారు. నేను బ్యాంకులో పనిచేస్తానని మెడలో ఉన్న కార్డు చూసి, "ఇవి చెల్లుతాయని కాగితం ఏదైనా ఉంటుందా సార్?" అని అడిగారు. మర్నాడు ఆ ప్రకటన అచ్చు తీసి ఇచ్చాను. ఆమె దాని కింద తెలుగులో రెండు వాక్యాలు తన చేత్తో రాసి, గల్లా అద్దానికి లోపలివైపు అంటించారు. ఎవరైనా నాణెం వద్దంటే వాదించకుండా ఆ కాగితం మీద వేలు పెట్టి చూపించేవారు. నెల తిరిగేసరికి నాణేల కుప్ప తగ్గింది.

ఇంకొకటి కూడా చూశాను. రోజూ ఒక ముసలాయన ఇడ్లీకి వస్తారు. ఒకరోజు ఆయన దగ్గర పది రూపాయలు తక్కువయ్యాయి. వెనుక వరుసలో జనం ఉన్నారు. ఆయన చిల్లర మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకుంటుంటే, ఆమె "నిన్న మీకు పది రూపాయలు ఇవ్వాల్సి ఉండిపోయింది తాతగారూ, సరిపోయింది" అని టోకెన్ ఇచ్చేశారు. ఆ వెంటనే తన సంచిలోంచి పది రూపాయలు తీసి గల్లాలో వేయడం, పక్కనే నిలబడ్డ నాకు మాత్రమే కనిపించింది. నేను చూశానని ఆమెకు తెలియదు. నాకు ఆమె మీద కలిగిన ఇష్టం ఆ రోజు నుంచి గౌరవంతో కలిసిపోయింది, నాతో ఎలా నవ్వారన్న దానితో దానికి సంబంధం లేకుండా పోయింది.

2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మీద పడింది. విజయవాడ వాళ్లకు ఆ వారం గురించి నేను చెప్పనక్కరలేదు. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది, సింగ్‌నగర్ ఫ్లైఓవరు మీద నుంచి పడవలు బయలుదేరాయి. మా గవర్నర్‌పేట వైపు ముంపు లేకపోయినా హోటలులో సగం మంది పనివాళ్లు ఆ పక్క కాలనీల్లో ఉండేవారే. గల్లాలో యజమాని కూర్చున్నారు. టిఫిన్ల అమ్మకం ఆపేసి, రెండు పొయ్యిల మీదా పులిహోర కలుపుతున్నారు. ఖాళీగా ఉన్నవాళ్లను చేయి వేయమన్నారు. నేను రెండు సాయంత్రాలు వెళ్లి పొట్లాలు కట్టాను. చింతపండు గుజ్జు, ఇంగువ పోపు వాసన చేతులకు పట్టి మూడు రోజులు పోలేదు. ఆమె ఇల్లు ఎక్కడో నాకు తెలియదు, అడగవలసిన చనువూ లేదు. "గల్లా మేడమ్ వాళ్లు క్షేమమేనా?" అని సప్లయర్ల పెద్దాయనను ఒక్కసారి అడిగితే, మేడ మీదకు ఎక్కారనీ, ఫోన్ దొరికిందనీ చెప్పారు. కట్టే ప్రతి పొట్లం ఆమె వరకు వెళుతుందేమో అని మనసులో ఒక ఆశ ఉండేది. అప్పటికే నా ఇష్టం ఎంత లోతుకు వెళ్లిందో ఆ రెండు సాయంత్రాల్లో నాకు తెలిసివచ్చింది.

ఆమె మళ్లీ పనిలోకి రావడానికి పదిహేడు రోజులు పట్టింది. గోళ్ల చివర బురద మరక ఇంకా పోలేదు. ఇంట్లో ఫ్రిజ్, మంచాలు, బీరువాలో బట్టలు అన్నీ పోయాయట. యజమాని వరదకు చిక్కిన పనివాళ్లెవరికీ ఆ రోజుల జీతం కోయలేదనీ, పైగా ఒక నెల జీతం ముందుగా ఇచ్చారనీ ఆ పెద్దాయన ద్వారానే విన్నాను. హోటలుకు మార్కులు వేయడంలో రుచికి ఇచ్చినంత విలువ దీనికీ ఇస్తాను.

అప్పుడే అడిగేయమని నా స్నేహితుడు ఒకతను సలహా ఇచ్చాడు. కష్టంలో ఉన్నప్పుడు అండగా నిలబడతానంటే ఏ మనిషీ కాదనలేరని అతని లెక్క. నేను అడగకపోవడానికి సరిగ్గా అదే కారణం. కాదనలేని స్థితిలో ఉన్న మనిషిని అడగడం అడగడం అవుతుందా? ఆమె ఇంటికి గోడలకు సున్నం పడి, మామూలు రోజులు వచ్చేదాకా ఆగుదామనుకున్నాను.

ఆగుతున్న ఆ రోజుల్లోనే, నవంబరులో, హోటలులో ఒక సంఘటన జరిగింది. నాలాగే రోజూ వచ్చే ఒకతను, ముప్పై ఐదేళ్లుంటాయి, రద్దీ వేళలో డబ్బుతో పాటు మడిచిన కాగితం ఒకటి గల్లాలో పెట్టాడు. అందులో తన ఫోన్ నంబరు రాశాడు. పైగా అందరికీ వినబడేలా "ఈ రోజైనా చేస్తారా మేడమ్?" అన్నాడు. ఆమె ఆ కాగితాన్ని ముట్టుకోకుండా టోకెన్ ఇచ్చారు. వెనుక పదిహేను మంది చూస్తున్నారు. ఆ క్షణంలో ఆమె ముఖం నేను పక్క నుంచి చూశాను. నవ్వు పెదవుల మీద అలాగే ఉంది, చేతి వేళ్లు మాత్రం బల్ల అంచును గట్టిగా పట్టుకున్నాయి. అతను అదే రోజు మరో రెండుసార్లు టీ నెపంతో వచ్చాడు. మర్నాడు పార్సిల్ ఫోన్‌కు మెసేజీలు పంపాడు. మూడో రోజు ఆమె గల్లాలో లేరు, లోపల పచ్చళ్ల దగ్గర పనిచేస్తున్నారు. కుర్చీ వదలవలసి వచ్చింది తప్పు చేయని మనిషికి.

యజమాని ఆ తరువాత చేసినది రాయకపోతే ఈ సమీక్ష అసంపూర్ణం. ఆయన మొదట ఆమెను కూర్చోబెట్టి ఏం చేయమంటారని అడిగారు. గల్లా వదలడం తనకు ఇష్టం లేదని ఆమె చెప్పారు. వారం తిరగకుండా ఆమె మళ్లీ గల్లాలోకి వచ్చారు, ఆ మనిషి వచ్చినప్పుడు యజమాని వీధి మెట్టు దగ్గరే ఆపి, "బాబూ, ఇక మీకు ఇక్కడ టిఫిన్ లేదు" అని మెల్లగా, గట్టిగా చెప్పి పంపేశారు. రోజుకు రెండు పూటలా తినే ఖాతాదారును పోగొట్టుకోవడానికి చాలామంది వెనుకాడతారు. ఇప్పుడు చేతులు కడుక్కునే చోట తెలుగులో ఒక కాగితం ఉంటుంది. పనిచేసే చోట మహిళలను లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2013 నాటి చట్టం ప్రకారం, అక్కడికి వచ్చిపోయేవారి నుంచి కూడా రక్షణ కల్పించడం యజమాని బాధ్యత అని అందులో ఉంది. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట ఉండవలసిన అంతర్గత కమిటీ సభ్యుల పేర్లు కూడా అక్కడే రాశారు. ఆడమనిషి తనకు ఇష్టం లేదని స్పష్టం చేశాక కూడా వెంటపడి మాట్లాడించబోవడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరమన్న వాక్యం చివర ఉంటుంది. చట్నీ గిన్నెల పక్కన ఇలాంటి కాగితం చూసి ముఖం చిట్లించుకున్నవాళ్లనూ చూశాను. నాకు అది చూస్తే హోటలు మీద నమ్మకం పెరుగుతుంది.

ఆ సంఘటన తరువాత నేను అసలు అడగాలా వద్దా అని రెండు నెలలు ఆలోచించాను. తనను ఇబ్బంది పెట్టిన మనిషికీ నాకూ తేడా నా మనసులో ఉంటే సరిపోదు, ఆమెకు కనబడాలి. యజమాని ద్వారా అడిగించడం మన పద్ధతికి దగ్గరగా, మర్యాదగా కనిపిస్తుంది. పెద్దవారు, అందరూ బాబాయ్ అని పిలుస్తారు. కానీ జీతం ఇచ్చే మనిషి నోటి నుంచి వచ్చిన ప్రశ్నకు ఏ ఉద్యోగి నిర్భయంగా కాదని చెప్పగలరు? అది వద్దనుకున్నాను. పార్సిల్ ఫోన్ ఆమె చేతిలోనే ఉంటుంది, దానికి మెసేజ్ పెట్టడం తేలిక. కానీ ఆ నంబరు నాకు పెసరట్టు కోసం ఇచ్చినది. మూడింటికి పని దిగి ఆమె నడిచే దారిలో ఎదురుపడడం అన్నిటికంటే ఘోరం, తను ఇంటికి వెళ్లే దారి ఒక మగవాడికి తెలుసునన్న భయం అంత తొందరగా పోదు. గల్లా పక్కన ఉండే టిప్పుల డబ్బాలో ఎప్పుడూ వేసే పది రూపాయల కంటే ఎక్కువ వేయలేదు. ఆ డబ్బు శనివారం అందరికీ సమానంగా పంచుతారు, అయినా అందులో కూడా నా ఆశ కలవకూడదనుకున్నాను.

చివరికి 2025 ఫిబ్రవరిలో ఒక గురువారం నాడు, మూడు గంటలకు ఆమె లెక్క ఒప్పగించి గల్లా దిగాక, హోటలు ముందరి అరుగు దగ్గర, సప్లయర్లు ఇద్దరు కనుచూపు దూరంలో ఉండగా, చేతిలో ఒక కవరుతో ఆగి మాట్లాడాను. "మేడమ్, ఇది హోటలు విషయం కాదండీ, నా సొంత విషయం. తీసుకోవడం ఇష్టం లేకపోతే ఇప్పుడే వద్దనండి, ఏమీ అనుకోను" అన్నాను. ఆమె ఒక నిమిషం నా ముఖం వైపు చూసి, "ఏమన్నా ఇబ్బందా సార్?" అని అడిగారు. "మీకు ఇబ్బంది కాకూడదనే కాగితం మీద రాశానండీ" అన్నాను. తీసుకున్నారు. నేను వెంటనే వచ్చేశాను.

ఆ కాగితంలో ఏడెనిమిది వాక్యాలే ఉన్నాయి. నా పేరు, ఊరు, ఉద్యోగం, వయసు రాశాను. మీరంటే నాకు ఇష్టం కలిగింది, హోటలు బయట మీకు నచ్చిన చోట, వీలైన రోజున ఒకసారి కూర్చుని మాట్లాడుకోవడం మీకు ఇష్టమేనా అని అడిగాను. ఇష్టం లేకపోతే జవాబు ఇవ్వనక్కరలేదనీ, మౌనాన్ని కూడా జవాబుగానే తీసుకుంటాననీ, మళ్లీ అడగననీ రాశాను. పది రోజుల పాటు టిఫిన్‌కు రాననీ, ఆ తరువాత కూడా నేను రావడం ఆమెకు ఇబ్బంది అనిపిస్తే పెద్దాయనతో ఒక్క మాట చెప్పిస్తే చాలు, ఇంకో హోటలు చూసుకుంటాననీ రాశాను. నా నంబరు రాశాను, ఆమె నంబరు అడగలేదు. పది రోజుల దూరం నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది. మర్నాడు పొద్దున్నే వరుసలో నా ముఖం కనబడితే, ఆమె ఆలోచించుకోకముందే నవ్వవలసి వస్తుంది.

ఆ పది రోజులూ బ్యాంకు దగ్గర ఇంకోచోట తిన్నాను, తిన్నది గుర్తు లేదు. ఆరో రోజు రాత్రి ఒక మెసేజ్ వచ్చింది. ఆమె అనుమతితో ఇక్కడ రాస్తున్నాను. "ఉత్తరం చదివానండీ. మర్యాదగా అడిగారు, అందుకే జవాబు ఇస్తున్నాను. నాకు మీ మీద ఆ ఉద్దేశం లేదు. ఇంటి బాధ్యతలు ఉన్నాయి, కానీ అవి లేకపోయినా నా జవాబు ఇదే. ఈ మాట విడిగా చెప్పకపోతే మీరు ఎదురుచూస్తారని చెబుతున్నాను. టిఫిన్‌కు రావడం మానకండి. ఈ నంబరు దాచుకోవద్దు." చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. "స్పష్టంగా చెప్పినందుకు కృతజ్ఞతలండీ, ఈ విషయం మళ్లీ ఎత్తను" అని ఒక్క వాక్యం పంపి, ఆ మెసేజ్ మాటలు ఒక కాగితం మీద రాసుకుని, నంబరు తీసేశాను. బాధ లేదని చెప్పను, మార్చి నెలంతా ఉంది. కానీ ఇంటి బాధ్యతల మాట దగ్గర ఆపేసి ఉంటే, అవి ఎప్పుడు తీరుతాయా అని నేను ఏళ్ల తరబడి లెక్కపెట్టుకుంటూ ఉండేవాడిని. ఆ ఒక్క వాక్యం అదనంగా రాయడానికి ఆమెకు ఎంత ధైర్యం, నా మీద ఎంత దయ కావాలో ఆలోచించినప్పుడల్లా ఆమె మీద గౌరవం పెరుగుతూనే ఉంది.

పదకొండో రోజు వెళ్లాను. వరుసలో నా ముందు నలుగురున్నారు. వెనక్కి తిరిగిపోదామని రెండుసార్లు అనిపించింది. నా వంతు వచ్చినప్పుడు ఆమె "ఏం కావాలి సార్?" అన్నారు. పెసరట్టు ఉప్మా అన్నాను. టోకెన్ మూల మడిచి ఇచ్చారు. పెనం దగ్గర మాస్టరు "ఊరికి వెళ్లారా, కనబడలేదు" అన్నారు. సప్లయర్ల పెద్దాయన మంచినీళ్లు పెట్టి వెళ్లిపోయారు. విషయం హోటలులో ఎవరికీ తెలియదు. ఆమె ఎవరికీ చెప్పలేదు. నేను చిన్నబోకుండా ఆమె కాపాడిన తీరు అది. అప్పటి నుంచి నేను కొంచెం మారాను. రద్దీ లేని వేళ గల్లా దగ్గర నిలబడి మాట కలిపే అలవాటు మానుకున్నాను, చిల్లర సరిచూసుకుని తెస్తున్నాను.

ఇలాంటి ఆలోచనతో ఎక్కడైనా రోజూ టిఫిన్ చేస్తున్న అబ్బాయిలు ఇది చదివితే, నేను చేసినదంతా సరైనదేనని అనుకోవద్దని మనవి. ఆ కవరు కూడా ఆమెకు ఒక బరువే అయి ఉంటుంది. ఆరు రోజులు ఆమె దాన్ని మోశారు. హోటలు బయట ఎవరి ద్వారానైనా సహజంగా పరిచయం అయ్యే వీలు ఉంటే అదే మేలు. ఆ వీలు లేక అడిగితే, ఒక్కసారే అడగండి. ఆమె కాదన్నా ఆ కుర్చీ, ఆ జీతం, ఇంటికి వెళ్లే దారి ఆమెకు నిన్నటిలాగే ఉండేలా చూడండి.

హోటలుకు నేను ఐదుకు నాలుగున్నర ఇస్తాను. అర మార్కు తగ్గించింది సాంబారుకూ, స్కూటర్లు పెట్టుకోవడానికి జాగా లేకపోవడానికీ. ఉదయం ఆరు నుంచి రాత్రి తొమ్మిదిన్నర వరకు తెరిచే ఉంటుంది, ఆదివారం మధ్యాహ్నం భోజనం ఉండదు. బల్లలు ప్రతి వాయికీ వేడినీళ్లతో తుడుస్తారు. అల్లం పచ్చడి పదిన్నర దాటితే అయిపోతుంది, ఆ తరువాత కొబ్బరి చట్నీతో సరిపెట్టుకోవాలి. పది రూపాయల నాణేలు నిరభ్యంతరంగా తీసుకుంటారు.

ఇది రాసిన తరువాత అచ్చు తీసి, మళ్లీ ఆ అరుగు దగ్గరే, చదివి వద్దంటే చించేస్తానని చెప్పి ఆమెకు ఇచ్చాను. మూడు రోజుల తరువాత టోకెన్‌తో పాటు తిరిగి ఇచ్చారు. తన ఇంటి గురించి నేను రాసిన రెండు వాక్యాలు కొట్టేశారు. పెసరట్టు ఉప్మా 75 రూపాయలని ఒకచోట రాశాను. దాని పక్కన పెన్సిల్‌తో, ఏప్రిల్ నుంచి 80 అని దిద్దారు.